లికువాలా డైరీ: హైదరాబాద్ సందులో ఒక చిన్న విసనకర్ర పామ్

జూన్, రెండో వారం

కడియం నుంచి రెండు మొక్కలు దిగాయి. లికువాలా గ్రాండిస్. రెండూ ఒకే బ్యాచ్‌వి, ఇంచుమించు ఒకే ఎత్తు. నర్సరీ వాళ్లు ఆకుల్ని ఒక్కొక్కటిగా పైకి లేపి, పాత గుడ్డ చుట్టి, పైన పురికొస కట్టి పంపారు. విప్పి చూస్తే ఎక్కడా చిరుగు లేదు. మామూలు పామ్ మొక్కకి ఇంత ముస్తాబు అక్కర్లేదు. దీనికి కావాలి. దీని అందమంతా చీలని ఆకులోనే ఉంది.

ఎప్పుడూ చూడనివాళ్లకి ఒక మాట. తాటాకుని గుర్తు తెచ్చుకుని, దాని చీలికలన్నీ అతికించేస్తే ఎలా ఉంటుందో లికువాలా ఆకు అలా ఉంటుంది. మట్ట చివర ఒకచోట మొదలైన మడతలు చుట్టూ విచ్చుకుంటూ అంచు దాకా తెగకుండా వెళ్తాయి. అంచు దగ్గర ప్రతి మడతా పన్నులా ఆగుతుంది, ఆ పన్ను నడుమ సన్నటి నొక్కు ఉంటుంది. ఎదిగిన చెట్టుకి ఆకు అడ్డం తొంభై సెంటీమీటర్ల దాకా వస్తుంది. చెట్టు మాత్రం పొట్టి. రెండు మూడు మీటర్లు, అదీ చాలా ఏళ్లకి. మట్ట అడుగు భాగంలో రెండు పక్కలా చిన్న ముళ్లుంటాయి. తాటిమట్ట కరుకంత మొరటు కాదు కానీ, దూస్తే చెయ్యి చెబుతుంది.

ఎదురింటి మామ్మగారు గేటు దగ్గర ఆగి చూశారు. "తాటిమొక్కకి డబ్బులిచ్చి తెచ్చావా నాయనా? మా ఊరొస్తే గట్టు మీద ఎన్ని కావాలంటే అన్ని." చుట్టరికం విషయంలో ఆవిడ అన్నది నిజమే. తాటి, ఈత, శ్రీతాళం, ఈ లికువాలా అన్నీ పామ్ కుటుంబంలో ఒకే ఉపకుటుంబానికి చెందినవి. లికువాలాల్లోనే నూట అరవైకి పైగా జాతులున్నాయి. ఎక్కువ జాతుల్లో ఆకు మట్ట దాకా చీలి ముక్కలుగా ఉంటుంది. గ్రాండిస్‌లో చీలదు, అందుకే దీనికింత గిరాకీ.

కొనేవాళ్లకి ఒక జాగ్రత్త. నర్సరీలో ఊరికే "ఫ్యాన్ పామ్" అని అడిగితే లివిస్టోనా చేతిలో పెట్టే అవకాశం ఎక్కువ. అదీ మంచి మొక్కే, మొండిది కూడా. కానీ దాని ఆకు వేళ్లలా చీలి ఉంటుంది, పెరిగితే పెద్ద చెట్టవుతుంది. మొక్కని ఎదురుగా చూడకుండా ఆర్డర్ చేస్తున్నట్టయితే ఆకు ఫొటో అడగండి.

ఈ ప్రాజెక్టులో నేను పెట్టుకున్న పని ఒక్కటే: ఆకు అంచు ఎండకుండా ఒక హైదరాబాద్ వేసవి దాటించడం. మొక్క బతకడం వేరు, ఆకు అంచు బతకడం వేరు. ఊళ్లో ఆఫీసు లాబీల్లో నేను చూసిన లికువాలాలన్నీ బతికే ఉన్నాయి. ఒక్కదాని అంచు కూడా పచ్చగా లేదు.

జూన్ చివర

కుండీ పని మొదలుపెట్టే ముందు దీని సొంత ఊరు సంగతి రాసుకోవాలి. చేయాల్సిన పనులన్నీ అక్కడి నుంచే తేలతాయి.

దీని స్వస్థలం వనువాటు. ఆస్ట్రేలియాకి తూర్పున, దక్షిణ పసిఫిక్‌లో ఎనభైకి పైగా దీవులున్న దేశం. 1774లో కెప్టెన్ కుక్ న్యూ హెబ్రిడీస్ అని పేరు పెట్టాడు, 1980లో స్వతంత్రం వచ్చాక వనువాటు అయింది. దానికి ఉత్తరాన, సోలమన్ దీవుల దేశంలో ఉన్న శాంతాక్రూజ్ దీవుల్లో కూడా ఈ పామ్ సహజంగా పెరుగుతుంది. అంతే, ప్రపంచంలో దాని సొంత చోటు అంత చిన్నది. అక్కడి నుంచి 19వ శతాబ్దంలో యూరప్ వాళ్ల గాజు ఇళ్లలోకి వెళ్లింది. మొదట్లో ప్రిచార్డియా అనే వేరే పామ్ జాబితాలో వేశారు. 1880లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త హెర్మన్ వెండ్‌లాండ్ దీన్ని లికువాలాల్లోకి మార్చాడు. ఇప్పుడు ఉష్ణదేశాల్లో ఎక్కడ చూసినా తోటల్లో ఉంది, కడియంతో సహా.

అడవిలో ఇది పెద్ద చెట్ల కింద పెరిగే మొక్క. దట్టమైన వానల అడవిలో నేల దాకా దిగే వెలుతురు పైన పడే ఎండలో నూటికి ఒకటి రెండు వంతులే. ఉన్న కాస్త వెలుతురు పట్టుకోవడానికే అంత వెడల్పు ఆకు. పైన చెట్ల గొడుగు ఉండటం వల్ల గాలి దెబ్బ తక్కువ. అందుకే చీలకుండా ఉండగలుగుతుంది. గాలికి ఎదురు నిలబడాల్సిన కొబ్బరి ఆకు ఈనెలు ఈనెలుగా ఎందుకు విడిపోయిందో, ఇది ఎందుకు విడిపోలేదో పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది.

ఇక వాతావరణం. వనువాటు రాజధాని పోర్ట్ విలాలో ఏడాదికి రెండు వేల మిల్లీమీటర్ల పైన వాన పడుతుంది, ఉత్తర దీవుల్లో ఇంకా చాలా ఎక్కువ. వాన పూర్తిగా మానేసే నెలంటూ ఉండదు. వేసవి పగలు 30, 31 డిగ్రీల దగ్గర ఆగుతుంది, చలికాలం రాత్రి 18 దగ్గర. చుట్టూ సముద్రం కాబట్టి గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. మన హైదరాబాద్‌లో వాన 800 అటూ ఇటూ, అదీ నాలుగు నెలల్లో. మే నెలలో 40 దాటుతుంది, మధ్యాహ్నం గాలిలో తేమ 20, 30 శాతానికి పడిపోతుంది.

అందరూ "మన ఎండకి ఆగదండీ" అంటారు. నేను ఆ మాట నమ్మడం లేదు. ఎండని నీడతో ఆపొచ్చు. అసలు శత్రువులు రెండు: పొడిగాలి, బోరు నీళ్లలోని ఉప్పు. ఈ డైరీ అంతా ఆ రెండింటి మీదే.

జులై

చోటు ఖాయమైంది. ఇంటికి ఉత్తరం వైపు, గోడకీ ప్రహరీకీ మధ్య ఉన్న సందు. పొద్దున కాసేపు పలచటి ఎండ వస్తుంది, తర్వాత రోజంతా వెలుతురే తప్ప ఎండ లేదు. పైన 75 శాతం షేడ్ నెట్ కట్టాం. ఆకుపచ్చ నెట్ కింద అంతా పచ్చగా కనబడి మొక్క బాగున్నట్టు భ్రమ కలుగుతుంది. అందుకని నల్లది తీసుకున్నాను. సందుకి పడమటి చివర గేటు వైపు తెరిచి ఉంది. వానాకాలంలో ఏం కాదు, వేసవిలో వడగాలి దూరేది అక్కణ్నుంచే. దాని సంగతి మార్చిలో.

కుండీ మార్చే పని రెండు మొక్కలకీ ఒకేరోజు చేశాం. కడియం మొక్కలు గోదావరి ఒండ్రులో పెరుగుతాయి. ఆ మట్టి వేర్లని గట్టిగా పట్టుకుంటుంది, లారీలో ఎంత కుదిపినా ముద్ద పగలదు. దూరం పంపడానికి అంతకంటే మంచి మట్టి లేదు. కానీ మన పొడిగాలిలో అదే ముద్ద ఒక్కసారి ఎండితే పైన పోసిన నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి, లోపల పొడిగానే ఉంటుంది. మరీ తడిగా ఉంచితే వేర్లకి గాలి ఆడదు. అలాగని ముద్దని కడిగి పారేయడం పామ్‌ల విషయంలో మంచిది కాదు, వేర్లు కదిలితే కోలుకోవడానికి నెలలు పడుతుంది. మధ్యేమార్గంగా ముద్దని నీళ్లలో నానబెట్టి, బయటి పొర మాత్రం వేళ్లతో మెల్లగా వదిలించి, సన్నటి చువ్వతో అక్కడక్కడా పొడిచి, చుట్టూ కొత్త మిశ్రమం నింపాం.

మిశ్రమం: కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), బాగా మాగిన ఆకు ఎరువు, ఎర్రమట్టి, ముతక ఇసుక, కాస్త బొగ్గు ముక్కలు. కోకోపీట్‌ని కడగడం తప్పనిసరి, చవక దిమ్మల్లో ఉప్పు బాగానే ఉంటుంది. మనం పోట్లాడేదే ఉప్పుతో. కాండం మొదలు ఇదివరకు ఎంత లోతులో ఉందో అంతే లోతు ఉంచాలి. పామ్‌ని లోతుగా పాతితే కొత్త ఆకులు ఐరన్ అందక పాలిపోతాయి.

కుండీ లోతుగా, మరీ వెడల్పు లేకుండా చూసుకున్నాం. నర్సరీ ఆయనకి ఫోన్ చేస్తే, "పెద్ద కుండీ పెట్టకండి సార్, తడి ఆరదు. గాలి కొట్టే బాల్కనీ అయితే అసలే వద్దండి, నెల తిరక్కుండా మళ్లీ మాకే ఫోన్ చేస్తారు" అన్నాడు. అమ్మేవాడే వద్దంటుంటే నమ్మాలి.

ఇక ప్రయోగం. ఒక మొక్క మట్టకి ఎర్రదారం, ఇంకోదానికి తెల్లదారం. ఎర్రదారానికి బోరు నీళ్లు, తెల్లదారానికి వాన నీళ్లు. మిగతా అంతా ఒకటే. రెండు మొక్కలతో చేసేదాన్ని సైన్సు అనలేం, తెలుసు. కానీ మా ఇంటి నీళ్ల సంగతి తేల్చుకోవడానికి ఇది చాలు.

ఆగస్టు, సెప్టెంబరు

తెల్లదారం మొవ్వు కదిలింది. ఈ పామ్‌కి ఉన్నది ఒక్కటే మొవ్వు. అది పోతే చెట్టు పోయినట్టే, పక్క నుంచి కొమ్మ రాదు. కాబట్టి నీళ్లు పోసేటప్పుడు మొవ్వులో నిలవకుండా చూస్తున్నాను.

ఆకు విచ్చుకోవడం చూడాల్సిందే. ముందు మొవ్వు లోంచి ఈటె లాంటి పుల్ల లేస్తుంది. లేత ఆకుపచ్చ, మీద గోధుమరంగు పొడి. దాంట్లో మొత్తం ఆకు మడిచిపెట్టి ఉంటుంది. పైకి వచ్చేకొద్దీ ఒక పక్క సన్నటి గీత తెరుచుకుంటుంది. అక్కడ గోరుతో తాకితే మడతలు ఒకదాని మీద ఒకటి అతుక్కుని, తడిగా, మెత్తగా తెలుస్తాయి. ప్రతి మడతా అడ్డంగా కోసి చూస్తే వి ఆకారంలో, పైకి తెరుచుకుని ఉంటుంది. తాటి, ఈత కూడా ఇంతే. కొబ్బరి ఈనె ఆకు దీనికి తిరగబడి, బోర్లించినట్టు ఉంటుంది. ఆకుతో పామ్ తెగని గుర్తుపట్టడానికి ఇది మంచి కొండగుర్తు. ఈ దశలో ఆకుని చేత్తో విప్పాలనే దుగ్ధ పుడుతుంది. విప్పకూడదు. లేత మడత ఒక్కటి విరిగితే ఆ గీత ఆకు ఉన్నన్నాళ్లూ ఉంటుంది. ఆకేమో ఏళ్ల తరబడి ఉంటుంది.

కుండీలో ఏడాదికి నాలుగైదు ఆకులొస్తే గొప్ప. ఈ లెక్క తెలిస్తే ఒక్కో ఆకు మీద ఇంత టెన్షన్ ఎందుకో అర్థమవుతుంది.

గాలిని శుభ్రం చేసే మొక్క అని దీన్ని ఇంట్లో ఏసీ గదిలో పెట్టమనే సలహా ఎక్కడ పడితే అక్కడ కనబడుతోంది. ఒక కుండీ మొక్క గది గాలిని బాగుచేసేదేమీ లేదు. ఏసీ గది గాలి మాత్రం దీన్ని పాడుచేస్తుంది.

అక్టోబరు

నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటరు వచ్చింది. ఇంట్లో నీళ్లన్నీ వరసగా పెట్టి కొలిచాను. బోరు వెయ్యి దాటింది. నల్లా నీళ్లు మూడొందల లోపు. డ్రమ్ములో పట్టిన వాన నీళ్లు ఇరవై అటూ ఇటూ. ఆర్‌ఓ మిషను వదిలేసే నీళ్లు బోరు కంటే ఎక్కువ చూపించాయి. ఎక్కువే ఉంటాయి మరి, శుభ్రమైన నీళ్లు మనకిచ్చి ఉప్పంతా అటు తోసేస్తుంది. "వేస్ట్ వాటర్ మొక్కలకి పోస్తున్నాం" అని గర్వంగా చెప్పుకునేవాళ్లు ఒకసారి కొలిచి చూడండి. గన్నేరు, కాగితంపూలు తట్టుకుంటాయి, లికువాలా తట్టుకోదు.

ఎర్రదారం కుండీ అంచున తెల్లటి పొర కనబడటం మొదలైంది. వానలు ఆగిన తర్వాతే. అప్పటిదాకా వాన కడిగేస్తూ వచ్చింది. పెద్ద ఆకు మీద పన్నుల చివర గోధుమరంగు చుక్కలు. అంచు అంతా కాదు, చివరలే. ఉప్పు ఎక్కిన మొక్క ఇలాగే మొదలుపెడుతుంది. వేరు పీల్చిన నీరు ఆకు అంచు దాకా వెళ్లి ఆవిరవుతుంది, ఉప్పు అక్కడే మిగిలిపోతుంది.

తెల్లదారానికి చుక్క లేదు.

డ్రమ్ము ఏర్పాటు గురించి అడిగినవాళ్ల కోసం: డాబా మీది వాన పైపుకి అడుగున ఒక టీ-జాయింటు బిగించి నీలం డ్రమ్ములోకి మళ్లించాం. సీజన్‌లో మొదటి వాన, పొడి రోజుల తర్వాత వచ్చే మొదటి పది నిమిషాల నీళ్లు పట్టం, దుమ్మూ పావురాల రెట్టా అందులోనే వస్తాయి. మూతికి దోమతెర గుడ్డ రెండు పొరలు. మూత పెట్టి నీడలో ఉంచితే నాచు పట్టదు. రెండు వందల లీటర్లు ఈ ఒక్క మొక్కకైతే చలికాలం దాటిస్తాయి. వేసవికి చాలవు.

నవంబరు

కాకినాడ నుంచి గింజలొచ్చాయి. మా వదిన వాళ్ల వీధిలో ఒకరింట్లో పాత లికువాలా ఉంది, గెల దిగింది. ఒంటి చెట్టే. తాటిలో పోతుతాడు, పెంటితాడు వేరువేరుగా ఉన్నట్టు దీనికి ఉండదు, ఒకే పువ్వులో రెండూ ఉంటాయి, ఒక్క చెట్టు ఉన్నా కాయ పడుతుంది. గెల ఆకుల్ని దాటి కిందికి వేలాడుతుంది, పళ్లు ఎర్రగా, సెంటీమీటరుకి కాస్త ఎక్కువ అడ్డంతో గుండ్రంగా ఉంటాయి. ఒక్కో పండులో ఒకటే గింజ. వదిన గుప్పెడు పళ్లు తడిగుడ్డలో చుట్టి పంపింది. ఇది ముఖ్యం, ఎండబెట్టిన పామ్ గింజకి మొలిచే శక్తి త్వరగా పోతుంది.

పైగుజ్జు తీసేసి, గింజల్ని రెండ్రోజులు నీళ్లలో, పూటకోసారి మారుస్తూ నానబెట్టాను. తర్వాత జిప్ కవర్లో తడి కోకోపీట్. పిడికిట్లో పిండితే ఒక చుక్క రావాలి, ధార రాకూడదు. కవరు ఫ్రిజ్ పైన. 27 నుంచి 32 డిగ్రీల వెచ్చదనం దీనికి ఇష్టం. ఎంత చేసినా తొందరపడదు. రెండు మూడు నెలలకి మొదటివి, వెనకబడ్డవి ఏడాది దాకా.

సరిగ్గా ఇప్పుడే బజార్లో తేగలు వచ్చాయి. లికువాలా మొలకెత్తే తీరు చెప్పడానికి తేగ కంటే మంచి పాఠం లేదు. తాటి టెంకని పాతర వేస్తే మొక్క టెంక దగ్గర మొలవదు. టెంక నుంచి ఒక కాడ నేలలోకి దిగి, దాని చివర మొలక తయారవుతుంది. దాన్నే తేగ అని కాల్చుకుని, ఉడకబెట్టుకుని తింటాం. టెంక పగలగొడితే లోపల తెల్లగా, తియ్యగా ఉండే బుర్రగుంజు ఏంటంటే, మొలక తన తిండిని గింజ లోంచి పీల్చుకోవడానికి పెంచిన భాగం. లికువాలా గింజదీ ఇదే పద్ధతి, చిన్న సైజులో. ముందు గింజ నుంచి కాడ కిందికి దిగుతుంది, వేరు వేస్తుంది, ఆకు ఆ తర్వాతే. అందుకే ట్రేలు, పల్చటి కుండీలు పనికిరావు. పొడుగాటి పాలీ సంచులు సిద్ధం చేసి పెట్టాను.

తాటాకు మీద రాశాం, ఇళ్లు కప్పుకున్నాం. లికువాలాలకీ వాటి వాటి ఊళ్లలో అలాంటి బతుకే ఉంది. అండమాన్‌లో, ఈశాన్య రాష్ట్రాల్లో పెరిగే లికువాలా పెల్టాటా ఆకులు కప్పుకి వాడతారు. మలేషియాలో రంజాన్ పండగకి చేసే కెటుపట్ పలాస్ అనే జిగురు బియ్యం పొట్లాలు లికువాలా లేత ఆకులోనే చుడతారు. మలయా నుంచి ఒక జాతి కాండాలతో చేసిన చేతికర్రలు 19వ శతాబ్దంలో "పినాంగ్ లాయర్" పేరుతో ఇంగ్లండు దాకా వెళ్లాయి. నిగ్గు తేలే దాకా వాదించే కర్ర అనుకుంటా.

డిసెంబరు, జనవరి

ఏమీ జరగలేదు. రాత్రి 12, 13 డిగ్రీలకి దిగినప్పుడు మొక్క ఆగిపోయింది, ఆగాలి కూడా. నీళ్లు సగానికి తగ్గించాను, ఎరువు లేదు. ఈ కాలంలో చల్లటి తడిమట్టి చేసే చెరుపు చలి చెయ్యదు.

ఫిబ్రవరి

ఆకుల కింద తెల్లటి వలయాలు. రూగోస్ తెల్లదోమ. 2016లో తమిళనాడు పొల్లాచ్చి ప్రాంతపు కొబ్బరి తోటల్లో కనిపించిన ఈ పురుగు ఆ తర్వాత మన గోదావరి జిల్లాల కొబ్బరినీ వదల్లేదు. మా వీధి చివర కొబ్బరి చెట్టు నిండా ఉంది, అక్కణ్నుంచే వచ్చి ఉంటుంది. ఆకు అడుగున మైనం పొడితో సర్పిలాకారంగా గుడ్లు పెడుతుంది. అది విసర్జించే తేనెలాంటి జిగురు కింది ఆకుల పైన పడి, దాని మీద నల్లటి మసి బూజు పెరుగుతుంది. మసి కడిగితే పోతుంది, పైన పురుగు ఉన్నంతకాలం మళ్లీ వస్తుంది.

చేసింది: సాయంత్రం, ఎండ పూర్తిగా పోయాక, ఆకుల అడుగు భాగాన్ని నీళ్ల పైపుతో మెల్లగా కడిగి, లీటరుకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి కొట్టాను. వారం తర్వాత మళ్లీ. వేపనూనె ఆకు మీద ఉండగా ఎండ తగిలితే మచ్చలు పడతాయి, సందులో ఉన్న మొక్క కాబట్టి ఆ భయం లేదు. ఘాటు మందులు వద్దనుకున్నాను. ఈ దోమ పిల్లల్లో గుడ్లు పెట్టి చంపే ఎన్‌కార్సియా అనే బుల్లి కందిరీగ ఉంది, కొబ్బరి తోటల్లో దోమని అదుపు చేస్తున్నది చాలావరకు అదే. మందు కొడితే ముందు పోయేది ఆ కందిరీగ.

మడతల లోయల్లో పొలుసు పురుగులు కూడా కొన్ని ఉన్నాయి. మడత వెంట తడిగుడ్డ చుట్టిన వేలు నడిపిస్తే వచ్చేస్తాయి. ఈ పని చేస్తుంటే తెలిసింది, ఆకు అడుగు భాగం చూడటానికి ఎంత నునుపో, ఈనెల వెంట అంత గరుకు.

మార్చి

పడమటి గేటు వైపు వట్టివేరు తడిక కట్టించాం. ఇప్పుడు ఇవి అల్లేవాళ్లు తగ్గిపోయారు, వెతికి పట్టుకోవాల్సి వచ్చింది. పైన చిల్లుల పైపు, దానికి ఒక చిన్న కూలర్ పంపు, కింద తొట్టి. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగున్నర దాకా టైమరు. తడికకి బోరు నీళ్లే, ఉప్పు వేరులోనే ఆగిపోతుంది, మొక్కకి చేరదు. తడిక అవతల గాలిలో తేమ 24 శాతం చూపిస్తున్నప్పుడు ఇవతల, మొక్క పక్కన, 50 దాటింది. ఉష్ణోగ్రత కూడా నాలుగైదు డిగ్రీలు తగ్గింది. రోజుకి నాలుగుసార్లు ఆకుల మీద స్ప్రే చేయడం కంటే ఇది వంద రెట్లు నయం. స్ప్రే తేమ పది నిమిషాల్లో ఎగిరిపోతుంది, పైగా బోరు నీళ్లయితే ఆకు మీద తెల్ల మరకలు.

ఎరువు మొదలు. పామ్‌ల పోషణ మీద ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్లు చాలా ఏళ్లు పనిచేసి తేల్చిన నిష్పత్తి నత్రజని, భాస్వరం, పొటాష్ వరసలో 8-2-12, దానితో 4 వంతులు మెగ్నీషియం. అంటే పామ్‌కి పొటాష్ నత్రజని కంటే ఎక్కువ కావాలి, భాస్వరం నామమాత్రం. మనకి దొరికే 19-19-19 దీనికి సరిపోదు. నెమ్మదిగా కరిగే గుళికలు తక్కువ మోతాదులో, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ చిటికెడు, ఎప్సం సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) చిటికెడు. మామూలు మ్యూరియేట్ పొటాష్ వద్దు, అందులో క్లోరైడ్ ఉంటుంది.

లక్షణాలు గుర్తుపట్టడం: ముదురు ఆకు అంచు వెంట వెడల్పుగా పసుపు పట్టీ, నడుమ పచ్చగా ఉంటే మెగ్నీషియం తక్కువ. ముదురు ఆకు మీద నారింజరంగు చుక్కలు, చివర్లు ఎండటం పొటాష్ తక్కువ. అలాంటి ఆకుని కోసేయొద్దు. మొక్క దాంట్లోంచి పొటాష్ లాక్కుని కొత్త ఆకుకి ఇస్తుంటుంది. చూడటానికి బాలేదని కోస్తే తర్వాతి ఆకు నుంచి లాగుతుంది.

ఏప్రిల్

జిప్ కవర్లో తెల్లటి కాడలు! ఫ్రిజ్ పైన వెచ్చదనం కంటే ఏప్రిల్ వెచ్చదనం బాగా పనిచేసినట్టుంది. మొలిచినవాటిని ఒక్కొక్కటిగా పొడుగు సంచుల్లోకి మార్చాను, కాడ విరక్కుండా, గింజ తీసేయకుండా. గింజలో తిండి ఇంకా ఉంది.

వాన నీళ్లు అయిపోయాయి. తెల్లదారానికి ఏసీ నీళ్లు. ఏసీ పైపు నుంచి వచ్చేది గాలిలోంచి దిగిన నీరే కాబట్టి ఉప్పు దాదాపు ఉండదు, మీటరు వాన నీళ్ల అంకెలే చూపించింది. మన పొడి ఊళ్లో విశాఖలో వచ్చినంత రాదు. అయినా రాత్రంతా ఏసీ నడిస్తే ఒక మొక్కకి సరిపడా వస్తోంది.

మే

42 దాటిన వారం. కరెంటు పోయినప్పుడు తడిక పంపు ఆగింది, బకెట్‌తో తడిపాం. మే చివరికి లెక్క ఇలా ఉంది.

తెల్లదారం: ఏ ఆకు అంచూ ఎండలేదు. ఒక ముదురు ఆకు మీద రెండు పన్నుల చివర గోరంత గోధుమరంగు. కొత్త ఆకు వేసవిలోనే విచ్చుకుంది, గాజులా మెరుస్తోంది.

ఎర్రదారం: అదే నీడ, అదే తడిక గాలి. మూడు ఆకుల అంచు చుట్టూ వేలి వెడల్పున ఎండింది. కొత్త ఆకు చిన్నగా వచ్చింది, దాని చివర్లు విచ్చుకునేటప్పటికే గోధుమరంగు.

కాబట్టి మా ఇంటి వరకు తేలిందేంటంటే, గాలి తేమ మాత్రమే సరిచేసి నీళ్లు వదిలేస్తే సగం పనే అయినట్టు. రెంటిలో ఒకటే చేయగలనంటే ముందు నీళ్లే మార్చండి. నల్లా నీళ్లు అందుబాటులో ఉన్నవాళ్లకి డ్రమ్ము గొడవ కూడా అక్కర్లేదేమో. మూడొందల లోపు టీడీఎస్‌తో ఎలా ఉంటుందో వచ్చే ఏడాది చూడాలి. పడమటి బాల్కనీ, పదో అంతస్తు, బోరు నీళ్లు ఉన్నవాళ్లు మాత్రం దీని జోలికి పోకండి. రాఫిస్ పెట్టుకోండి, అదీ చిన్న విసనకర్ర పామే, చాలా ఓర్పు గలది.

జూన్, మొదటి వారం

వానలు పడ్డాయి. ఎర్రదారం కుండీని మధ్యాహ్నం వాన ధారలో పెట్టి, అడుగు చిల్లుల నుంచి నీళ్లు బాగా పారేదాకా ఉంచి, ఆరనిచ్చి మళ్లీ అలాగే చేశాం. మట్టిలో పేరుకున్న ఉప్పు కడగడానికి ఇదే దారి, కొద్దికొద్దిగా పోస్తే ఉప్పు ఇంకా లోపలికి దిగుతుంది. కింద పట్టిన నీళ్లు మొదట వెయ్యిన్నర పైన చూపించాయి, చివరికి నాలుగొందలకి దిగాయి. ఎండిన అంచు ఇక పచ్చబడదు. కత్తెరతో ఎండిన భాగాన్ని మాత్రం, పచ్చ అంచు తగలకుండా, ఒక నూలు వదిలి కత్తిరించాను. ఇక నుంచి దానికీ వాన నీళ్లే. ప్రయోగం ముగిసింది.

సంచుల్లో మొలకలకి మొదటి ఆకులొచ్చాయి. గుండ్రంగా ఏమీ లేవు. సన్నటి పట్టీలా లేచి, చివర కత్తిరించినట్టు ఆగి, అక్కడ చిన్న పళ్లు. మూడు నాలుగు మడతలు మాత్రం అప్పుడే స్పష్టంగా ఉన్నాయి. నాటిన గింజల్లో సగం కూడా రాలేదు, మిగతావి కవర్లోనే ఉంచాను, ఏడాది గడువు ఇంకా ఉంది.

ఈ ఆదివారం రెండో డ్రమ్ము బిగించాలి. టైమరుకి బ్యాటరీ బ్యాకప్ చూడాలి. తడికలో పడమటి మూల వేరు ఉప్పుతో గట్టిపడిపోయింది, ఆ ముక్క వచ్చే వేసవిలోపు మార్పించాలి.